ఇంటి కోత

తలుపు తియ్యనని పిట్ట అనలేదు. నిన్న సాయంత్రం నుంచి అసలు ఒక్క మాటా అనలేదు. ఏడ్చినా బాగుండేది, పుస్తకాలు విసిరికొట్టినా బాగుండేది. ఆ ఇంట్లో అరుపులకు అందరూ అలవాటుపడ్డవాళ్లే గాని, మౌనాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియదు.

నిన్న నాలుగింటికి ఫోనులో ఉత్తరం వచ్చింది, ఏటి అవతల ఉన్న ఇంటర్నేషనల్ స్కూలు నుంచి. ఐదే వాక్యాలు. మొదటి మూడింటిలో పిల్లను ఆకాశానికెత్తి, నాలుగో దాంట్లో సీటు ఇవ్వలేకపోతున్నామని చెప్పి, ఐదో దాంట్లో నిండు నూరేళ్లూ చల్లగా ఉండమన్నట్టు దీవించారు. ఏడాదికి ఇద్దరంటే ఇద్దరికి, పరీక్ష పెట్టి, ఫీజు లేకుండా ఇచ్చే సీటది. పదహారేళ్ల పిల్ల ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, ఫోను బల్లమీద బోర్లించి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఇప్పుడు పొద్దున్న ఏడైంది. తలుపు ముందు పాలగ్లాసు పట్టుకుని వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు.

"పిట్టా, పాలు చల్లారిపోతున్నాయమ్మా. ఇప్పటికి మూడుసార్లు వెచ్చబెట్టాను."

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. అంతే.

ఆయనకు బజార్లో కళ్లద్దాల షాపుంది. పేరుతో పనిలేకుండా అందరూ కళ్లద్దాలాయన అంటారు. ఎదుటివాడి చూపులో తేడా ఎంతో కూర్చోబెట్టిన నిమిషంలో చెప్పగల మనిషి, సొంత ఇంట్లో వాళ్ల మనసులో ఏముందో మాత్రం వాళ్లు చెప్పేదాకా పోల్చుకోలేడు. ఆయన షాపు వెనకగదిలోనే పిట్ట ఎనిమిది నెలలపాటు సాయంత్రాలు కూర్చుని, పళ్లెమంత గాజుబిళ్లను గరుకుపొడి వేసి అరగదీసి అరగదీసి, టెలిస్కోపుకు అద్దం తయారుచేసింది. ఏటి అవతలి స్కూల్లో మేడమీద చుక్కలు చూసే గుండ్రటి గది ఉందనీ, ఆ సీటు వచ్చిన పిల్లలు రెండేళ్లు అందులో పనిచేసుకోవచ్చనీ తెలిసిన రోజు నుంచి ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు.

వంటింటి గుమ్మంలో వాళ్లమ్మ చేతికి గడియారం పెట్టుకుంటోంది. ఊళ్లో పేరుమోసిన పాత స్కూల్లో పద్దెనిమిదేళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి. లెక్కల మేడమ్ అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఎనిమిదో క్లాసు నుంచి పిట్టకు లెక్కలు చెబుతున్నదీ, పైక్లాసులకు చెప్పేదీ ఆవిడే.

"ఒక సీటు పోతే లోకం మునిగిపోయినట్టు ఈ అలకేంటి? మన స్కూలెక్కడికీ పోలేదుగా. టైమవుతోంది, బయటికి రమ్మనండి," అంది, తలుపుకు వినబడేటట్టు.

"నువ్వు కాసేపు ఊరుకో."

"ఊరుకుంటే ఇంకా నెత్తికెక్కుతుంది. మీ గారాబమే..."

"నిన్న షాపు నుంచి వాళ్లకి ఫోన్ చేశాను," అన్నాడు కళ్లద్దాలాయన. పాలగ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. "పరీక్షలో మూడోదంట. ఇంటర్వ్యూలో అయితే దీన్ని మించినవాళ్లు లేరంట. ఆ అద్దాన్ని వాళ్ల సైన్సు మాస్టారు చేతిలోంచి వదల్లేదంట."

"మరి?"

"టీచరు నింపి పంపే కాగితం దగ్గర ఆగిపోయిందంట. అంతకంటే చెప్పకూడదంట, అది రహస్యమంట."

వసారాలో పేపరు చదువుకుంటున్న నాయనమ్మ భూతద్దం పక్కన పెట్టింది. ఆ కాగితం నింపింది ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. నెలరోజుల కిందట ఇదే బల్లమీద కూర్చుని లెక్కల మేడమ్ నింపింది. రహస్యం కాబట్టి పిల్లను పక్కగదిలోకి పంపించి మరీ నింపింది.

"నేను ఉన్నదే రాశాను," అంది మేడమ్.

"ఉన్నదంటే?"

"ఉన్నదంటే ఉన్నదే. కడుపున పుట్టింది కదా అని లేనిపోని గొప్పలు రాసి పంపమంటారా?"

"గొప్పలు రాయమని నేననలేదు. దానికి రావలసింది రాశావా అని అడుగుతున్నాను."

తిన్నగా అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పలేనప్పుడు మనిషి గొంతు పెంచుతాడు. మేడమ్ కూడా అదే చేసింది.

"పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? అక్కడ బెల్లుండదు, ర్యాంకుండదు, హోంవర్కు మనసైతే చేస్తారు, లేకపోతే లేదు. పిల్లలు టీచర్లని పేరు పెట్టి పిలుస్తారు. అదీ ఒక స్కూలేనా? మా దగ్గరికి కాళ్లకి చెప్పుల్లేకుండా వచ్చిన పిల్లలున్నారు. ఈరోజు ఆస్పత్రులు నడుపుతున్నారు. వాళ్లనెవరూ 'నీకు ఏది ఇష్టం నాన్నా' అని బుజ్జగించలేదు. కూర్చోబెట్టి చదివించాం."

"నిజమే. మీ స్కూలుని నేను తక్కువ చెయ్యట్లేదు," అన్నాడాయన. "కానీ ఇది పదేళ్ల నుంచి మీ దగ్గరే ఉంది. పదేళ్లలో నువ్వేమనుకుంటున్నావని దాన్ని ఒక్కరడిగారా? వాళ్లు ఒక్క గంటలో నాలుగుసార్లు అడిగారంట. ఆ రోజు ఇంటికొచ్చి అదే పనిగా చెప్పింది, గుర్తులేదా?"

"అడిగితే చదువొచ్చేస్తుందా?"

"అడక్కపోతే నోరు పోతుంది. అదిగో, పోయింది," అంటూ ఆయన తలుపు వైపు చూపించాడు.

"ఒరేయ్, చాల్లే," అంది నాయనమ్మ. ఆవిడ మధ్యవర్తిగా దిగిందంటే నిప్పు మీద నెయ్యి పడినట్టే. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ పిల్ల రచ్చ గెలిచే వచ్చింది. ఇంట్లోనే ఓడిపోయింది. దానికి సామెత లేదు మరి."

"మీరూ నన్నే అంటారా అత్తయ్యా?"

"నేనెవర్నీ అనలేదమ్మాయ్. లేని సామెత గురించి చెప్పాను."

"ఉందిగా ఒకటి," అన్నాడు కళ్లద్దాలాయన. "అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తిననివ్వదు."

అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో భార్యను అంత మాట అనడం అదే మొదలు. మేడమ్ ముఖంలో నెత్తురు లేదు. గడియారం పట్టీని ఇంకో రంధ్రం బిగించింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

పిట్ట యూనిఫాంలో ఉంది. తల నున్నగా దువ్వుకుంది, భుజాన బ్యాగుంది. ఎంతసేపటి నుంచి అలా తయారై తలుపు వెనక నిలబడిందో, ఎన్ని మాటలు విన్నదో ఎవరికీ అర్థం కాలేదు. కళ్లు మాత్రం వాచి ఉన్నాయి. తండ్రి చేతిలోని గ్లాసు అందుకుని చల్లటి పాలు గుక్క తిప్పుకోకుండా తాగి, ఖాళీ గ్లాసు మళ్లీ ఆయన చేతిలోనే పెట్టి, బూట్ల లేసులు కట్టుకోవడానికి మెట్టు మీద కూర్చుంది.

"ఆగు, నేనూ వస్తున్నా," అంది తల్లి.

ఇంటి నుంచి స్కూలుకు పన్నెండు నిమిషాల నడక. పదేళ్లుగా తల్లీకూతుళ్లు కలిసే నడిచారు. చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని, తర్వాత ఎక్కాలు అప్పజెప్పుకుంటూ, ఈమధ్య ఇద్దరూ వాదించుకుంటూ. ఇవాళ పిట్ట గేటు దగ్గర ఆగి, తల్లిని ముందు వెళ్లనిచ్చి, రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడిచింది. వేగంగానూ నడవలేదు, వెనకబడనూ లేదు. మధ్యలో బస్సులు పోతున్నాయి. ప్రతి బస్సు పోయాక మేడమ్ తల తిప్పి చూసింది. పిల్ల ఒక్కసారి కూడా ఇటు చూడలేదు.

*

స్టాఫ్ రూములో మేడమ్ ముందు యూనిట్ టెస్టు పేపర్ల కట్ట ఉంది. పదో క్లాసు, పిట్ట సెక్షను. దిద్దడం మొదలుపెడితే ఆవిడ చెయ్యి యంత్రంలా పోతుంది. పక్కవాళ్లు పది పేపర్లు దిద్దేలోగా ఇరవై దిద్దేస్తుంది.

పదిహేడో పేపరు కూతురిది.

మొదటి నుంచి చివరిదాకా ఒక్క తప్పు లేదు. ఆఖరి లెక్కను పుస్తకంలో లేని దారిలో, సగం మెట్లలో చేసేసింది. మేడమ్ చివరిదాకా చూసి, పైన నలభై ఎనిమిది అని వేసింది. యాభైకి. ఆ రెండూ ఎందుకు పోయాయో రాయాలి కాబట్టి "వివరణ చాలదు" అని పక్కన రాసింది.

రాశాక చెయ్యి ఆగిపోయింది.

స్టాఫ్ రూములో దానికి ఇంటి కోత అని పేరు. ఏ రిజిస్టరులోనూ రాసి ఉండదు, ఏ మీటింగులోనూ ఎవరూ చెప్పలేదు. టీచరు తన సొంత బిడ్డ పేపరు దిద్దవలసి వస్తే, వచ్చినవాటిలో రెండు మార్కులు తగ్గించి వేస్తుంది. రేపొద్దున ఏ తల్లీ తండ్రీ వచ్చి, మీ పిల్లకి మీరే వేసుకున్నారా అనకుండా ముందు జాగ్రత్త. పాతకాలపు హెడ్మాస్టరు తన ముగ్గురు పిల్లలకూ అలాగే వేశాడట. సైన్సు మేడమ్ కొడుక్కి వేస్తుంది, డ్రిల్లు మాస్టారు సైతం కూతురి పరుగులో అర సెకను కలుపుతాడని నవ్వుకుంటారు. ఆ స్కూలుకు ఊళ్లో ఉన్న పరువంతా అలాంటి పట్టింపుల మీదే నిలబడిందని లెక్కల మేడమ్ మనసారా నమ్మింది. వరండా బోర్డు మీద ర్యాంకుల్లో పిట్ట పేరు ఎప్పుడూ మూడోదో నాలుగోదో. ఆ పేరు అక్కడ చూసినప్పుడల్లా తల్లికి గుండె నిండేది. తను తప్పు చెయ్యలేదన్న గర్వంతో నిండేది.

"ఏమైంది మేడమ్, ఉత్తరం వచ్చిందా?" అంది ఎదురుగా కూర్చున్న సైన్సు మేడమ్.

"వచ్చింది. సీటు రాలేదు."

"అదేంటి? ఆ పిల్లకి రాకపోతే ఇంకెవరికొస్తుంది? మొన్న పెద్ద మేడమ్ కూడా అన్నారు, మన స్కూలు పేరు నిలబెడుతుందని."

లెక్కల మేడమ్ పేపరు బోర్లించింది. ఆవిడ కళ్లముందు నెల కిందటి కాగితం ఉంది. పద్నాలుగు ప్రశ్నలు, ఒక్కో దానికి ఎదురుగా ఐదు గళ్లు. బుద్ధి, శ్రమ, కొత్తగా ఆలోచించడం, తోటివారితో మెలగడం, అలాంటివే. ఐదో గడిలో టిక్కు పెట్టే అలవాటు తమ స్కూల్లో ఎవరికీ లేదు. నేర్చుకునేవాడికి ఇంకా ఒక మెట్టు మిగిలి ఉండాలని పాత హెడ్మాస్టరు పెట్టిన నియమం. కాబట్టి ఎంత గొప్ప పిల్లకైనా నాలుగో గడి. అందులోంచి ఇంటి కోత పోగా, మూడు.

పద్నాలుగు ప్రశ్నలకూ మూడో గడి. కింద ఖాళీ జాగాలో "తన శక్తికి తగినంత శ్రమ ఇంకా పెట్టవలసి ఉంది" అని రాసి, సంతకం చేసి, స్కూలు ముద్ర వేయించి పంపింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

దీన్ని అలవాటంటారా, పొరపాటంటారా? ఇంకేదైనా అంటారా? ఆ టిక్కులు పెడుతున్నప్పుడు, పోతే పోయిందిలే, ఇక్కడే నా కళ్లముందే చదువుకుంటుంది అనే ఆలోచన ఒక్కసారి కూడా తొంగిచూడలేదని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పగలదా? మేడమ్ ప్రయత్నించింది. చెప్పలేకపోయింది. పొద్దున మొగుడు అన్న సామెత అప్పుడు గుచ్చుకుంది, అన్నప్పటికంటే లోతుగా.

కట్ట కట్టి బీరువాలో పెట్టేసింది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి దిద్దుతున్న పని మధ్యలో వదిలి, సగం రోజు సెలవు రాసిచ్చి, వంతెన మీదుగా పోయే బస్సెక్కింది.

*

ఆ స్కూల్లో అడుగుపెట్టగానే ఆవిడకు మొదట అనిపించింది, ఇక్కడ ఎవరికీ భయం లేదని. అది మెచ్చుకోలో తిట్టో తనకే తెలియలేదు. నడవాలో పిల్లలు నేలమీద బోర్లా పడుకుని ఏదో బొమ్మ గీస్తున్నారు. ఒక మాస్టారు వాళ్ల మధ్య చతికిలబడి రంగు పెన్సిలు చెక్కిపెడుతున్నాడు. మేడమ్‌ను చూసి ఒక్క పిల్లా లేచి నిలబడలేదు. ఒక చిన్నది మాత్రం నవ్వి, "ఎవరు కావాలండీ? నేను చూపిస్తాను," అని ముందు నడిచింది.

అడ్మిషన్లు చూసే ఆవిడ సన్నగా, పొట్టి జుట్టుతో, పెద్ద కప్పులో టీ తాగుతూ ఉంది. లెక్కల మేడమ్ తనెవరో, ఎవరి కాగితం గురించి వచ్చిందో చెప్పింది. కాగితం నింపిన టీచర్ని అని మాత్రమే చెప్పింది.

"రహస్యమని మీవాళ్లన్నారు. కానీ అది నా రాతే కాబట్టి అడుగుతున్నాను. అందులో అంత లోపం ఏం కనబడింది మీకు?"

ఆవిడ ఫైలు తెరిచి చూసింది.

"మేడమ్, మా దగ్గరికి ఏటా మూడు నాలుగు వందల కాగితాలొస్తాయి. దాదాపు అందరికీ ఐదో గడే. నాలుగో గడి పెడితే, ఏం జరిగిందని ఫోన్ చేసి కనుక్కుంటాం. వరసగా అన్నీ మూడే ఉన్న కాగితం నేను చూడ్డం ఇదే మొదటిసారి."

"మరి నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?"

"ఇంకో స్కూలు అయితే చేసేవాళ్లమే. మీ స్కూలు పేరు చూసి మానేశాం. అక్కడివాళ్లు ఉన్నదే రాస్తారని మాకందరికీ నమ్మకం. పరీక్షలో, ఇంటర్వ్యూలో పిల్ల మమ్మల్ని మెప్పించింది. కానీ మూడేళ్లు దగ్గరుండి చూసిన మనిషి, అదీ మీ స్కూలు మనిషి, మామూలు పిల్ల అని రాస్తే మేమేం చెయ్యగలం?"

పద్దెనిమిదేళ్లుగా ఇటుక మీద ఇటుక పేర్చి కట్టిన పేరది. అదే కూతురికి అడ్డుగోడగా నిలబడింది.

"నిజానికి మీ స్కూల్లో లెక్కలు చెప్పేవాళ్లు నలుగురున్నారు," అంది ఆవిడ. "ఎవరిచేత నింపించుకోవాలో పిల్లల ఇష్టానికే వదిలేస్తాం. ఎందుకు వాళ్లని ఎంచుకున్నారో ఒక మాట రాయమంటాం. ఇదైతే రహస్యం కాదు, చదవండి."

కాగితం ఇటు తిప్పింది. పిట్ట గుండ్రటి అక్షరాలు.

"ఈ టీచరు నా విషయంలో ఇప్పటిదాకా ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు. అందుకే ఆవిడ నా గురించి ఏం చెప్పినా మీరు నమ్మవచ్చు. ఈసారి ఆవిడ ఏం చెబుతారో తెలుసుకోవాలని నాకూ ఉంది."

మేడమ్ ఆ రెండు మూడు వరసలను ఎంతసేపు చదివిందో. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. పరాయి ఆఫీసులో, పరాయి మనిషి ముందు, క్లాసులో ఎన్నడూ గొంతు వణకని ఆ మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"మేడమ్, ఆ పిల్ల మీకేమవుతుంది?" అంది ఆవిడ మెల్లగా.

"నా కూతురు."

టీ కప్పు బల్లమీదికి దిగింది.

ఇంటి కోత అంటే ఏమిటో, ఐదో గడి ఎందుకు ఖాళీగా వదిలేస్తారో, మేడమ్ అంతా చెప్పింది. ఆవిడ అడ్డుపడకుండా విన్నది. విన్నాక, నవ్వలేదు, మందలించలేదు.

"తల్లి అని ముందే రాసుంటే మేమే వేరే టీచర్ని అడిగేవాళ్లం. ఇప్పటికీ ఒక దారుంది. రెండో సీటుకి అనుకున్న పిల్లవాడి ఇంటివాళ్లకి ఇంకా ఖాయం చెయ్యలేదు. రేపు మధ్యాహ్నం పన్నెండుకి చేస్తాం. ఆలోగా మీరు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఈ కాగితం తల్లిగా నింపారనీ, కావాలని తగ్గించి వేశారనీ. అప్పుడు దీన్ని పక్కనపెట్టి ఇంకో టీచరుతో మేమే మాట్లాడతాం. కానీ ఆ ఉత్తరం నకలు మీ స్కూలుకి వెళ్తుంది. అది మా పద్ధతి. మీకు ఇబ్బందవుతుంది."

"అవుతుంది," అంది మేడమ్. ఇంట్లో కోసినవాళ్లు బయట ఎవరికి కలిపారో అని రేపు ఊరు ఊరంతా అడుగుతుంది. పెద్ద మేడమ్ ముఖం ఎలా చూడాలో తెలియదు. "అయినా రాస్తాను."

"ఇంకొకటి. ఉత్తరం కింద అమ్మాయి సంతకం కూడా కావాలి. తనకి ఇష్టమేనని. తన ఇష్టం లేకుండా మేమేదీ మళ్లీ తెరవం."

"దానిదేముంది, ఎగిరి గంతేస్తుంది," అంది తల్లి, కళ్లు తుడుచుకుంటూ.

*

మేడమ్ ఇల్లు చేరేసరికి ఐదున్నరైంది. ఉత్తరం అక్కడే ఆఫీసు బయట కూర్చుని రాసేసింది. ఒకటిన్నర పేజీ. "తగ్గించి వేశాను" అన్న మాట దగ్గర మాత్రం కలం రెండుసార్లు ఆగింది.

కళ్లద్దాలాయన షాపు మూసుకుని అప్పటికే వచ్చి ఉన్నాడు. భార్యకు టీ కాచి ఇచ్చాడు. క్షమించమనడం ఆయనకు చేతకాదు. అలా అడగాల్సి వచ్చినప్పుడల్లా టీ పెడతాడు.

ఆవిడ ఒక్క ముక్క దాచకుండా చెప్పి, ఉత్తరం ఆయన చేతికిచ్చింది. ఆయన చదివి, కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ చదివాడు.

"నీ ఉద్యోగం?"

"పోదేమో. పరువైతే పోతుంది."

"పొద్దున నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"అనాల్సిందే. మీరనకపోతే నాకు వినబడేది కాదు."

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా, కాలిన చేతికి ఆకే మందు అమ్మాయ్," అంది నాయనమ్మ వసారాలోంచి. కోడలు తప్పు ఒప్పుకోవడం ఆవిడ కూడా ఇదే మొదటిసారి చూడడం. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

పిట్ట షాపు వెనకగదిలో లేదని ఆయన అన్నాడు. అద్దం మీద గుడ్డ కప్పి, పొడి డబ్బాలన్నీ మూతలు పెట్టి, స్కూలు వదలగానే వచ్చి సర్దేసి వెళ్లిందట. ఇద్దరూ ఆ సంగతి ఆలోచించేలోగానే గేటు చప్పుడైంది.

"ఇలా రా తల్లీ," అన్నాడు తండ్రి. "అమ్మ నీతో మాట్లాడాలంట."

పిట్ట వచ్చి బల్ల దగ్గర నిలబడింది. తల్లి చెప్పింది. మొదటి వాక్యం టీచరులా మొదలైంది, రెండో వాక్యానికే చెదిరిపోయింది. పద్నాలుగు గళ్లూ, ఇంటి కోతా, ఆ రాత్రి హాయిగా నిద్రపోవడం కూడా చెప్పేసింది. పొట్టి జుట్టావిడ చూపించిన వరసలు తను చదివాననీ చెప్పింది.

పిల్ల ముఖంలో ఆశ్చర్యం కనబడలేదు.

"కోత సంగతి నాకు తెలుసమ్మా," అంది. నిన్నటి నుంచి ఇంట్లో ఆ నోట వచ్చిన మొదటి మాట. గొంతు బొంగురుపోయి ఉంది. "ఎనిమిదో క్లాసులోనే తెలిసింది. పేపరు ఇంటికి తెచ్చుకుని నేనే రెండు కలుపుకునేదాన్ని. క్లాసులో వాళ్లు నవ్వితే, మా అమ్మ అలాగే వేస్తుంది, నా అసలు మార్కులు ఆవిడకి తెలుసు అనేదాన్ని."

"తెలుసే. నాకు తెలుసు."

"పేపర్ల వరకు అలా అనుకున్నానమ్మా. ఆ కాగితంలో మాత్రం తెలిసినవే పెడతావనుకున్నాను. వేరేవాళ్లకి చెప్పేటప్పుడైనా చెబుతావనుకున్నాను. అది నా చేతికి రాలేదు కదా, కలుపుకోవడానికి."

తల్లి ఉత్తరాన్ని పిల్ల ముందుకు జరిపింది.

"ఇందులో చెప్పాను. అంతా రాశాను. కింద నీ సంతకం పెడితే చాలు, పొద్దున్నే నేనే పట్టుకెళ్తాను. రేపు పన్నెండు దాకా టైముంది. నీ సీటు నీకొస్తుంది, పిట్టా."

పిట్ట ఉత్తరం చదివింది. ఆసాంతం చదివింది. మడతలు సరిచేసి, జాగ్రత్తగా బల్లమీద పెట్టి, బ్యాగులోంచి ఇంకో కాగితం తీసింది. పాత స్కూలు కాగితం. వచ్చే ఏడాది పైక్లాసుల్లో ఎవరు ఏ గ్రూపు తీసుకుంటారో రాసి, తల్లో తండ్రో సంతకం పెట్టి ఇచ్చేది. మధ్యాహ్నం ఆఫీసులో అడిగి తెచ్చుకుని, నింపేసింది కూడా.

మేడమ్ అలవాటు కొద్దీ ముందు తప్పులు వెతికింది. తప్పుల్లేవు. ఆ తర్వాత గ్రూపు చూసింది. చరిత్ర, భాషలు.

"ఇదేంటే? ఇందులో లెక్కలు లేవు."

"లేవు."

"లెక్కల్లేకుండా ఆ చుక్కల చదువెలా చదువుతావు? నీకు లెక్కలంటే ప్రాణం కదే."

"ప్రాణమే," అంది పిట్ట.

"మరి?"

"రేపు నువ్వు చెప్పావని వాళ్లు సీటిచ్చినా, నాకు అక్కడ కూర్చోబుద్ధి కాదమ్మా. ఇంకెవరో నా గురించి మంచి రాస్తే వచ్చే సీటు. నాకు కావలసింది అది కాదు. ఇక్కడే చదువుకుంటాను."

"ఇక్కడే చదువు, నేను వద్దనను. కానీ ఈ గ్రూపెందుకు?" తల్లి కాగితం మీద వేలు పెట్టింది. "లెక్కలెందుకు వదిలేయడం?"

పిట్ట తల్లి వైపు చూసింది. నిన్న సాయంత్రం తర్వాత అలా తిన్నగా చూడడం అదే మొదటిసారి. ఆ చూపులో కోపం ఉన్నా తట్టుకోగలిగేది.

"లెక్కలకి నువ్వొస్తావు కదమ్మా," అంది, కలం మూత తీసి అందిస్తూ.

మేడమ్ ఆ కలాన్ని అందుకోలేదు. వద్దనీ అనలేకపోయింది.